మై పలక నుంచి వెనుక బ్లేడు దాకా: టికిరి కొండపొలాల చదును చరిత్ర

ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపురం బ్లాకులో, కోరాపుట్, రాయగడల నడుమ సాగే రైలుమార్గం మీద ఉన్న టికిరి చుట్టుపక్కల సమతలంగా కనిపించే మడి ఏదైనా దానంతట అది సమతలమైనది కాదు. ఎవరో ఒకరు, తండ్రి కాకపోతే ముత్తాత, మిరక మీది మట్టిని పల్లానికి జరిపి, గట్టు వేసి, నీరు నిలిచేలా చేసుకున్నదే. ఆ పని ఏ పనిముట్టుతో జరిగింది, ఆ పనిముట్టును రైతు ఏ లెక్కన ఎంచుకున్నాడు, ఆ ఎంపిక వల్ల నేలకు ఏమైంది అన్న విషయాలను కలిపి చూస్తే ఈ కొండల వ్యవసాయ చరిత్రలో చాలా భాగం బోధపడుతుంది. ఈనాడు పదిహేను నుంచి ముప్పై హార్స్‌పవర్ దాకా ఉండే చిన్న ట్రాక్టరు వెనుక తగిలించే బ్లేడు, అంటే అడ్డంగా అమర్చిన వంపు తిరిగిన ఉక్కు పలక, ఆ పరంపరలో అన్నిటికంటే చివర వచ్చి చేరింది. దాన్ని ఎంచుకోవడం కొనేవారికి వెడల్పు, బరువు, ధరల లెక్కగా కనిపించవచ్చు గాని, నిజానికి అది ఎంత మట్టిని, ఎంత లోతున, ఎంత తొందరగా కదిలించవచ్చు అన్న పాత ప్రశ్నే. ఎడ్లను పలకకు కట్టిన రోజుల్లోనే కొండ రైతు తన చేతలతో దానికి ఒక జవాబు చెప్పి ఉన్నాడు.

పాలన పరంగా ఈ ప్రాంతం ఒకే గొడుగు కింద నడవలేదు. కోరాపుట్, రాయగడ, గుణుపురం ప్రాంతాలు జయపురం జమీందారీకి చెంది, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణం జిల్లాలో భాగంగా ఉండగా, కాశీపురం మాత్రం కలహండి సంస్థానం కింద ఉండి, సంస్థానాల విలీనం తరువాత 1962లో కోరాపుట్ జిల్లాలో చేరింది. 1992 అక్టోబరు 2న కోరాపుట్‌ను విడదీసినప్పుడు రాయగడ వేరు జిల్లా అయింది. పొరుగు ప్రాంతాలు అంతకాలం విశాఖపట్టణం జిల్లాలో ఉన్నందువల్ల టికిరి సంతలో కోదు ఆదివాసుల కువి, ఒడియా, దేశియా మాటల పక్కన సాలూరు, పార్వతీపురం నుంచి వచ్చే తెలుగు వినిపించడం కొత్త కాదు. సాలూరు మీదుగా పొట్టంగి ఘాటు ఎక్కి కోరాపుట్, జయపురం చేరే దారి శతాబ్దాల తరబడి ఉప్పు, ధాన్యం, బట్టలు మోసిన దారి; బండ్ల రోడ్డు పడక ముందు దాని మీద సరుకు మోసినవి బంజారాల పెరికె ఎద్దులు.

భూమిని ఇక్కడి రైతు దాని ఎత్తును బట్టి, నీటి తీరును బట్టి విడదీసి చూస్తాడు. కొండవాలు మీది పొలాన్ని డంగర్ అంటారు. అది పోడు నేల, అంటే చెట్టూ చేమా నరికి కాల్చి, బూడిద చల్లారాక చోళ్లు, సామలు, కందులు, ఆముదాలు కలిపి చల్లే నేల. కొండ దిగువన, గట్లు వేసీ వేయని మెట్ట చెలకలు ఉంటాయి. వాటి కింద వాన నీటితో వరి పండే బెడా భూములు, అన్నిటికంటే అడుగున వాగు పారే లోయలోనే తయారైన ఝోలా మడులు ఉంటాయి. వరి విత్తనాలు కూడా ఈ మెట్ల ప్రకారమే ఏర్పడ్డాయి. పై నేలకు మూడు నెలల్లో చేతికొచ్చే రకాలు, ఝోలాకు నీటిలో నిలదొక్కుకుని ఆలస్యంగా పండే రకాలు అన్న విభజన ఈ ప్రాంతపు వరి సంపదకు మూలం. 1955–59 మధ్య కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థ జరిపిన జయపురం వృక్ష సర్వేలో 1,745 నాటు వరి రకాలు సేకరించగలిగారంటే, 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించిందంటే, దానికి ఒక కారణం ఈ నేల అంతా ఒకే మట్టంలో లేకపోవడమే. చదును చేసే పనిముట్టు గురించి మాట్లాడేటప్పుడు ఈ విషయం మరువరాదు. మట్టాలను చెరిపివేసే యంత్రం, ఆ మట్టాలకు అలవాటుపడిన విత్తనాల చోటును కూడా చెరిపివేస్తుంది.

ఝోలా మడి తయారయ్యే తీరు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. లోయలో సన్నగా పారే వాగుకు అడ్డంగా రైతు మొదట ఒక రాతి కట్ట పేరుస్తాడు. సున్నం, సిమెంటు ఉండవు. పెద్ద రాళ్లు అడుగున, వాటి సందుల్లో చిన్నవి, వెనుక వైపు మట్టి, గడ్డి పెళ్లలు. వానాకాలంలో కొండ మీది నుంచి దిగే ఎర్ర నీరు ఆ కట్ట వెనుక నిదానించి, మోసుకొచ్చిన ఒండ్రును అక్కడే వదులుతుంది. ఒండ్రు కట్ట అంచు దాకా నిండితే దాని మీద మరో వరుస రాళ్లు పెడతారు. కొన్ని వానాకాలాలు గడిచేసరికి కట్ట వెనుక ఒక చిన్న సమతల మడి, దానికి ఎగువన మరో కట్ట, దాని వెనుక మరో మడి ఏర్పడి, వాగు మొత్తం మెట్లుగా మారిపోతుంది. మిగులు నీటిని ఒక పక్కగా తవ్విన కాలువ ద్వారా కిందికి వదులుతారు. ఇక్కడ చదును పనిలో ముప్పాతిక వంతు నీరే చేస్తుందని చెప్పడం అతిశయోక్తి కాదు. నీరు చేసిన చదునులో పైమట్టి అడుగున పడదు. అది ఎప్పుడూ పైనే ఉంటుంది, ఏటా కొత్తగా వచ్చి చేరుతుంది. గుణుపురం, పర్లాకిమిడి కొండల్లో సవర ఆదివాసులు కట్టిన రాతి మెట్ల పొలాలు ఇదే విద్యకు ఇంకా నిటారైన వాలు మీద నిదర్శనాలు. సవరల మీద 1955లో గ్రంథం ప్రచురించిన వెరియర్ ఎల్విన్‌కు గాని, అంతకు ముందే వారి భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన గిడుగు వెంకట రామమూర్తికి గాని పరిచయమైన సవర సమాజం ఈ మెట్ల మీద బతికిన సమాజమే.

నీరు చేయగా మిగిలిన పావు వంతు పనికి ఎడ్లూ పలకా కావలసి వచ్చాయి. ఒడియాలో మై అని పిలిచే ఈ పనిముట్టు చూడటానికి చాలా సాదాగా ఉంటుంది: మనిషి నిలువుకు మించిన పొడవున్న బరువైన కొయ్య పలక, దానికి రెండు కొసల దగ్గర కట్టిన తాళ్లు, ఆ తాళ్లు కలిసే కాడి. దున్ని, నీరు కట్టి, దమ్ము చేసిన మడిలో, అంటే మట్టిని నీటితో కలిపి బురద చేసిన మడిలో, ఎడ్లు పలకను ఈడుస్తుంటే తోలేవాడు దాని మీద నిలబడతాడు. మిరక దగ్గర తన బరువంతా పలక మీద మోపుతాడు, పల్లం రాగానే తేలికపడి పలక ముందు పోగైన బురదను అక్కడ జారనిస్తాడు. ఒక కాలు మీద ఎక్కువ ఒరిగితే ఆ వైపు కొస దిగుతుంది, పలక ఏటవాలై మట్టి రెండో వైపుకు జారుతుంది. మడిలో నిలిచిన నీరే అతనికి మట్టం చూపే సాధనం. ఎక్కడ నీటి పైకి మట్టి తేలుతుందో అది మిరక, ఎక్కడ నీరు లోతుగా ఉందో అది పల్లం. బరువు మార్చడం, కొస దించడం, ఏటవాలుగా తిప్పడం అన్న ఈ మూడు కదలికలనే తరువాతి కాలపు యంత్రాలు ఉక్కులోనూ నూనె ఒత్తిడిలోనూ మళ్లీ సాధించవలసి వచ్చింది.

ఘాటు దిగితే తెలుగు మెట్ట సీమల్లో కనిపించే గుంటకను దీనితో పోల్చి చూడాలి. గుంటక అంటే ఒక కొయ్య దుంగకు రెండు కాళ్లు దిగేసి, ఆ కాళ్ల అడుగున అడ్డంగా ఒక ఇనుప పట్టీ బిగించి, నొగతో కాడికి కట్టే పనిముట్టు. ఆకారంలో అది వెనుక బ్లేడుకు దగ్గరి చుట్టంలా ఉన్నా పని వేరు: గుంటక పట్టీ నేల లోపల రెండు మూడు అంగుళాల లోతున సాగుతూ కలుపు వేళ్లను కోసి, మట్టిని తన మీదుగా వెనక్కి జారనిస్తుంది గాని ముందుకు నెట్టదు. మట్టిని జరిపేది పలక, కోసేది గుంటక. వెనుక బ్లేడు ఈ రెండు పనులనూ ఒకే అంచుతో చేయబోతుంది కాబట్టే దాని ఎంపిక చిక్కుగా మారింది. ఎడ్ల కాలంలో ఈ చిక్కు లేదు, ఎందుకంటే ఎడ్ల సత్తువే హద్దు పెట్టేది. పని ఎద్దు తన బరువులో పదో వంతు, మహా అయితే ఎనిమిదో వంతు బలంతో మాత్రమే రోజంతా లాగగలదు. ఒక్కొక్కటి రెండు వందల కిలోలు, అంతకు కాస్త ఎక్కువ తూగే కొండ ఎడ్ల జత నిలకడగా లాగగలిగేది యాభై కిలోల లోపే. ఆ బలానికి సరిపోయేంత వెడల్పు పట్టీనే వడ్రంగి, కమ్మరి కలిసి తయారు చేసేవారు. రేగడి బరువైనదైతే ఇంకా కురచ చేసేవారు. మోయలేని పనిముట్టును కడితే ఎడ్లు ఆగిపోతాయి గనుక, ఒక్క రోజులో పొలం తలకిందులు చేయడం అన్నది ఎవరికీ సాధ్యం కాలేదు.

చదునైన నేల రైతుకు పంట, ప్రభువుకు పన్ను. ఈ రెండో సంగతి ఈ కొండల చరిత్రలో చాలా నెత్తురు చిందించింది. కలహండి సంస్థానం తన రాబడి పెంచుకోవడానికి మాగాణి సాగులో, చెరువు పనిలో ఆరితేరిన కుల్తా రైతులను పిలిచి భూములు ఇవ్వగా, తమ ఊళ్లూ పొలాలూ చేజారిన కోదులు 1882లో తిరగబడ్డారు. ఆ తిరుగుబాటును బ్రిటిష్ సేనలు అణచివేశాయి. జయపురం వైపు, ఝోలా మడులు అప్పుల కింద సారా వ్యాపారులకూ మైదానం నుంచి వచ్చిన వర్తకులకూ, అందులో తెలుగువారికీ, పోతున్నాయని గ్రహించిన మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ భూముల బదలాయింపు చట్టం చేసింది. తరాల తరబడి రాయి రాయి పేర్చి చేసుకున్న మడి ఒక ఉప్పు బస్తాకో కల్లు బాకీకో పోవడం ఎంత అన్యాయమో చెప్పడానికి వ్యాఖ్యానం అక్కర లేదు.

స్వాతంత్ర్యం తరువాత భూసర్వే వచ్చినప్పుడు నేల వాలే హక్కును నిర్ణయించే కొలత అయింది. 1951 నాటి జమీందారీ రద్దు చట్టంతో జయపురం ఎస్టేటు ప్రభుత్వపరమయ్యాక, గట్లు వేసిన చదును భూములకు పట్టాలు దక్కాయి గాని, పది డిగ్రీలు మించిన వాలు మీద ఆదివాసులు సాగు చేసుకుంటున్న డంగర్ పొలాలను లెక్కల్లో ప్రభుత్వ భూమిగా రాసుకున్నారు. అంటే నేలను చదును చేయడం ఒక్క వ్యవసాయపు పనే గాక, హక్కు సంపాదించుకునే దారి కూడా అయింది. ఈ నియమానికి గట్టి మినహాయింపు జరిగింది సరిగ్గా కాశీపురం బ్లాకులోనే: అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి సాయంతో 1988 నుంచి 1997 దాకా సాగిన ఒరిస్సా గిరిజనాభివృద్ధి పథకం కింద ముప్పై డిగ్రీల వాలు దాకా ఉన్న భూములను సర్వే చేసి ఆదివాసులకు పట్టాలిచ్చారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆ దారిని దేశమంతటికీ తెరవడానికి ప్రయత్నించింది. పట్టా చేతికి వచ్చిన తరువాతే వాలు నేల మీద డబ్బు పెట్టి చదును చేయించే ఆలోచన రైతుకు నిజంగా మొదలైంది. ట్రాక్టరు బ్లేడుకు ఈ కొండల్లో గిరాకీ పుట్టిన చోటు ఇదే.

బ్లేడు మాత్రం ఎక్కడో పుట్టి ఇక్కడికి చేరింది. దాని పూర్వ రూపాలు అమెరికా మట్టి రోడ్ల మీద, కాలువ పనుల మీద తయారయ్యాయి. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో జేమ్స్ పోర్టియస్ 1883లో పేటెంటు పొందిన తట్టలాంటి స్క్రేపరు గుర్రాలతో మట్టిని గీకి, మోసి, కుమ్మరించేది. 1885లో జె. డి. ఆడమ్స్ తయారు చేసిన గ్రేడరు, చక్రాలు పక్కకు ఒరుగుతూ ఏటవాలు బ్లేడు తోపుడుకు ఎదురు నిలిచే యంత్రం. అయితే ఈ యంత్రాలు ట్రాక్టరు వెనుక కురచగా, తేలికగా ఇమడడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. ఐర్లండులో పుట్టిన హారీ ఫెర్గూసన్ 1920లలో రూపొందించి, 1939లో ఫోర్డు కంపెనీ ట్రాక్టరుతో ప్రపంచానికి చేరవేసిన మూడు పాయింట్ల లింకేజి ఆ మార్పుకు మూలం. కింద రెండు చేతులు, పైన ఒక కడ్డీ కలిసి పనిముట్టును ట్రాక్టరుతో ఒకే శరీరంగా బిగిస్తాయి. పనిముట్టు నేలలో దిగి ఎదురు లాగినప్పుడు ఆ లాగుడు పైకడ్డీ ద్వారా ట్రాక్టరు మీదికి మళ్లి వెనుక చక్రాలను నేలకు అదుముతుంది. నడిపేవాడు కూర్చున్న చోటు నుంచే నూనె ఒత్తిడితో, అంటే హైడ్రాలిక్‌తో, దాన్ని ఎత్తగలడు, దించగలడు. తేలికైన ట్రాక్టరు బరువైన పని చేయగలిగింది దీనివల్లనే. భారతదేశంలో 1959లో ఐషర్, 1960లో మద్రాసు కేంద్రంగా టాఫే, 1974లో స్వరాజ్ ట్రాక్టర్ల తయారీకి దిగాయి గాని, అవి కొండ మడుల గట్టు మీద తిరగలేని పరిమాణంలోనివి. మహీంద్రా యువరాజ్ వంటి పదిహేను హార్స్‌పవర్ ట్రాక్టర్లు, విఎస్‌టి, కుబోటా చిన్న ట్రాక్టర్లు ఈ శతాబ్దంలో విరివిగా వచ్చాకే ఆ దారి తెరుచుకుంది.

ఈ లోపు కోరాపుట్ కొండలు పెద్ద యంత్రాలను చూశాయి. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన కాందిశీకుల కోసం 1958లో ఏర్పాటై కోరాపుట్ కేంద్రంగా పనిచేసిన దండకారణ్య ప్రాజెక్టు, ఉమర్‌కోట్, మల్కన్‌గిరి ప్రాంతాల్లో అడవులు కొట్టి బుల్డోజర్లతో నేల తయారు చేసింది. 1998లో పూర్తయిన కోరాపుట్–రాయగడ రైలుమార్గం కోసం కొండలు తొలిచారు. బాఫ్లిమాలి కొండ బాక్సైటు గని, డోరాగుడ అల్యూమినా కర్మాగారం టికిరి ముంగిటికి మట్టి కదిలించే యంత్రాలను శాశ్వతంగా తెచ్చాయి. ఆ గనికి ఎదురు నిలిచిన ఉద్యమంలో 2000 డిసెంబరు 16న మైకంచ్ గ్రామంలో పోలీసు కాల్పులకు ముగ్గురు ఆదివాసులు బలయ్యారు. కొండ రైతు యంత్రపు బ్లేడును మొదట చూసింది తన పొలంలో కాదు, తన చేతుల్లోంచి పోయిన పొలంలో.

చిన్న ట్రాక్టరు వెనుక బ్లేడు ఈ చరిత్రలోకి వచ్చినప్పుడు దాన్ని ఎంచుకునే రైతు మొదట చూడవలసినది వెడల్పు. బ్లేడు కనీసం ట్రాక్టరు వెనుక టైర్ల బయటి అంచుల మధ్య దూరాన్ని కప్పాలి, లేకపోతే టైర్ల జాడ చెరగకుండా మిగిలి చదును చెడుతుంది. చిన్న ట్రాక్టర్లలో ఈ దూరం మూడు నుంచి నాలుగున్నర అడుగుల మధ్య ఉంటుంది కాబట్టి నాలుగు, ఐదడుగుల బ్లేళ్లు సరిపోతాయని అనుకుంటారు. అయితే బ్లేడును ఏటవాలుగా తిప్పినప్పుడు అది కప్పే వెడల్పు తగ్గుతుంది: ఐదడుగుల బ్లేడును ముప్పై డిగ్రీలు తిప్పితే నాలుగడుగుల నాలుగంగుళాలు, నలభై అయిదు డిగ్రీలు తిప్పితే మూడున్నర అడుగులే మిగులుతుంది. మెట్ల పొలంలో బ్లేడు ఎక్కువసేపు ఏటవాలుగానే పని చేస్తుంది, ఎందుకంటే మట్టి ముందుకు కాదు, ఎగువ నుంచి దిగువకు పక్కగా జరగాలి. అందుచేత తిప్పిన కోణంలోని వెడల్పునే అసలు వెడల్పుగా లెక్కించుకోవాలి.

రెండోది బరువు. పై పై మట్టి మీద తేలికైన బ్లేడు చక్కగా జారుతుంది, కాని వేసవిలో ఎండి గట్టిపడిన ఎర్ర నేల మీద, అడుగున గులక కలిసిన లాటరైటు మీద, అది గీతలు మాత్రమే గీస్తుంది. అంచు దిగాలంటే అంచు మీద బరువు ఉండాలి. మరీ బరువైనదైతే టన్నుకు లోపే తూగే ట్రాక్టరు దాన్ని ఎత్తినప్పుడు ముందు చక్రాలు తేలికపడి, వాలు ఎక్కేటప్పుడు స్టీరింగు పట్టు తప్పుతుంది, ఒక్కోసారి ముందు భాగం లేస్తుంది కూడా. ముందు బంపరు మీద అదనపు బరువులు తగిలించడం దీనికి విరుగుడు. తగిలింపు కొలతలు కూడా చూడాలి: ఇరవై హార్స్‌పవర్ లోపు ట్రాక్టర్లలో కొన్నిటికి కింది చేతుల పిన్నులు పదహారు మిల్లీమీటర్ల సన్న రకం, మిగతావాటికి ఇరవై రెండు మిల్లీమీటర్ల ఒకటో తరగతి రకం, పిన్ను సన్నమై బెజ్జం పెద్దదైతే బ్లేడు ఊగిసలాడుతూ నేలను అలలు అలలుగా చేస్తుంది.

ఆ అలల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే కొత్తగా బ్లేడు వాడేవారు అందరూ అక్కడే దెబ్బతింటారు. వెనుక బ్లేడు ట్రాక్టరుకు బిగిసి ఉంటుంది గనుక, ముందు చక్రం చిన్న మిరక ఎక్కగానే ట్రాక్టరు వెనక్కి ఒరిగి బ్లేడు లోతుకు దిగుతుంది. ముందు చక్రం పల్లంలో దిగితే బ్లేడు పైకి లేస్తుంది. ఆ దిగిన చోట గుంట, లేచిన చోట దిబ్బ ఏర్పడి, తరువాతి చుట్టులో ముందు చక్రం ఆ గుంటలోనే పడుతుంది. మై పలక మీద నిలబడిన మనిషికి ఈ బాధ లేదు, తాళ్ల కొసన ఉన్న పలక ఎడ్ల నడకతో సంబంధం లేకుండా నేల మీద తన పాటికి తాను కూర్చునేది. బ్లేడు వెనుక దూరంగా రెండు గేజి చక్రాలు, అంటే లోతును పట్టి ఉంచే చక్రాలు, అమర్చుకుంటే ఈ దోషం చాలా వరకు తగ్గుతుంది; అవి లేని చోట బ్లేడును వెనక్కి తిప్పి, వంపు వీపుతో నేలను రాస్తూ చివరి చుట్టు తోలడం మంచిది. దమ్ము చేసిన మడిలో బ్లేడు కంటే కేజి వీల్స్, అంటే బురదలో తిరిగే ఇనుప పంజరం చక్రాలు, తగిలించిన ట్రాక్టరు వెనుక ఈడ్చే కొయ్య దూలమే ఇప్పటికీ మెరుగు.

కోణం మార్చే ఏర్పాటు, కొస దించే ఏర్పాటు, పక్కకు జరిపే ఏర్పాటు అన్నవి బ్లేళ్ల ధరలో పెద్ద తేడా తెస్తాయి. కొండపొలానికి మొదటి రెండూ తప్పవు. చాలా బ్లేళ్లలో కోణం ఒక పిన్ను తీసి మరో బెజ్జంలో వేయడం ద్వారా మారుతుంది; కొస దించడాన్ని ట్రాక్టరు కుడి లిఫ్టు రాడ్డు మీది స్క్రూతోనే సాధించవచ్చు గనుక బ్లేడుకు వేరే ఏర్పాటు లేకపోయినా నడుస్తుంది. పక్కకు జరిపే వీలుంటే గట్టు అంచుకు టైరు పోకుండానే అంచు దాకా మట్టి చేరవేయవచ్చు. రాతి గట్టు మీద ట్రాక్టరు బరువు మోపితే గట్టు కూలుతుంది కాబట్టి సవర, కోదు పొలాల్లో ఈ వీలుకు పెట్టే ఖర్చు వృథా కాదు. అంచు పట్టీ బోల్టులతో బిగించి, అరిగితే తిప్పి వేసుకోగలిగినదై ఉండాలి, ఎందుకంటే ఈ రాతి నేల అంచులను త్వరగా తినేస్తుంది.

ఈ లెక్కలన్నిటికీ పైన ఉన్నది నేల లెక్క. పది డిగ్రీల వాలు మీద పది మీటర్ల వెడల్పు మడి చేయాలంటే పై అంచుకూ కింది అంచుకూ ఎత్తులో తేడా ఒకటిముప్పాతిక మీటరు. పై అంచున ఎనభై ఎనిమిది సెంటీమీటర్ల లోతు కోయాలి. అదే వాలు మీద మూడు మీటర్ల మడి చేస్తే కోత ఇరవై ఆరు సెంటీమీటర్లే. వెడల్పు మూడు మీటర్ల నుంచి పదికి పెరిగితే కదిలించవలసిన మట్టి, మడి పొడవులో ప్రతి మీటరుకూ, పదకొండింతలు పెరుగుతుంది. ఈ కొండల్లో సారమున్న పైమట్టి జానెడు లోతు ఉంటే గొప్ప. దాని కింద ఎర్రగా, పుల్లగా, భాస్వరం మొక్కకు అందని మట్టి. వెడల్పు మడి చేసినవాడు ఆ జానెడు మట్టిని పల్లంలో పూడ్చి, పై సగంలో వట్టి ఎర్ర నేల మీద నాట్లు వేస్తాడు, రెండు మూడేళ్లు పంట తగ్గి ఆ తప్పును పెంటతో, ఎరువుతో దిద్దుకోవలసి వస్తుంది. పూర్వీకులు మెట్లు సన్నగా ఎందుకు కట్టారన్న ప్రశ్నకు జవాబు వారి పేదరికంలో గాని ఎడ్ల బలహీనతలో గాని మాత్రమే వెతకరాదు. ఆ సన్నదనంలో నేల గురించిన ఎరుక ఉంది.

బ్లేడుతో ఆ ఎరుకను కాపాడుకునే పద్ధతి ఉంది, కష్టమైనది కూడా కాదు. మొదటి వాన తడి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడే, మట్టి పెళ్ల విరిస్తే పొడిపొడిగా రాలే అదనులో, పైమట్టిని నాలుగైదు అంగుళాల లోతున గీకి మడి కింది అంచున గట్టుగా పోగు చేసుకోవాలి. తరువాత అడుగు మట్టిని ఎగువ నుంచి దిగువకు ఒక్కో చుట్టులో అంగుళం రెండంగుళాలు మించకుండా జరపాలి. చివరకు పోగు చేసిన పైమట్టిని తిరిగి పరచాలి. ఒకే వేసవిలో పూర్తి చేయనవసరం లేదు. పై అంచున అర జానెడు కోసి ఆపి, ఆ ఏడు పంట తీసి, మరుసటి ఏడు మళ్లీ కొంత కోసి, నడుమ వాన తెచ్చిన ఒండ్రును కట్ట పట్టుకోనిస్తే, మూడు నాలుగేళ్లలో మడి తన మట్టానికి వస్తుంది, సారమూ చెడదు. ట్రాక్టరు వాలుకు అడ్డంగా తిరిగేటప్పుడు పల్టీ కొట్టే ప్రమాదం ఎక్కువ కాబట్టి, వాలు పది డిగ్రీలు దాటిన చోట బ్లేడు పని మానుకుని పార, ఎడ్లు, రాతి కట్టల దారినే పోవాలి. ఉపాధి హామీ చట్టం కింద కూలీలతో చేయించే భూమి చదును పనులు ఇలాంటి చోట్లకే తగినవి.

చిన్న ట్రాక్టరు కొనగలిగినవారు ఈ బ్లాకులో కొద్దిమందే. కేంద్ర ప్రభుత్వం 2014–15లో ప్రారంభించిన వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకం కింద యంత్రాలను గంటల లెక్కన అద్దెకిచ్చే కేంద్రాలకు సబ్సిడీ ఇస్తున్నారు. ఊరి సంఘం ఒక ట్రాక్టరు, ఒక బ్లేడు తెచ్చుకుని వంతుల వారీగా వాడుకునే వీలు దానివల్ల కలిగింది. అద్దె గంటల లెక్కన ఉన్నప్పుడు తొందరగా, లోతుగా కోయించుకోవాలన్న ఆశ ఎవరికైనా కలుగుతుంది. కాబట్టి సంఘం తెచ్చే బ్లేడు మరీ వెడల్పైనది, మరీ బరువైనది కాకుండా, నాలుగున్నర అడుగుల లోపున, కోణం మార్చగలిగి, గేజి చక్రాలు ఉన్నదై ఉండటం మేలు. అద్దె కూడా గంటకు గాక మడికి ఇంత అని ముందే మాట్లాడుకుంటే, డ్రైవరూ రైతూ ఒక్కో చుట్టులో ఎంత పలచగా కోయాలన్నది నేలను చూసి నిర్ణయించుకోగలుగుతారు. ఝోలా మడుల్లోకి మాత్రం దాన్ని దించనే కూడదు. అక్కడి రాతి కట్టలు ట్రాక్టరు బరువుకు కట్టినవి కావు, అక్కడి ఒండ్రును చదును చేయడానికి ఆషాఢంలో వచ్చే నీరు, ఒక జత ఎడ్లు, ఒక పలక చాలు.